నాయన కళ్లతో ఎంచిన ప్రొజెక్టరు

పిల్లలూ, మొన్న ఆదివారం తరుణ్ నాగపూర్ నుంచి ఫోన్ చేసి, ఇంట్లోకి ప్రొజెక్టరు కొంటున్నాం అవ్వా, ఎక్కువ ఖర్చు పెట్టొద్దని నాన్న అంటున్నాడు, మీరు కూడా ఒకప్పుడు కొన్నారంట కదా, ఏం చూసి కొన్నారు అని అడిగాడు. పక్క నుంచి మేఘ, గోడంత బొమ్మ రావాలని చెప్పవ్వా అని గొడవ. నేను ఏవో రెండు మాటలు చెప్పి, స్టవ్ మీద పాలున్నాయని ఫోన్ పెట్టేశాను. పాలేమీ లేవు. ఆ ప్రశ్నకు జవాబు ఫోన్‌లో చెప్పేది కాదు, అందుకని ఇట్లా కూర్చుని రాస్తున్నాను. పెనుకొండలో ఉన్నప్పుడు మేము ఒక ప్రొజెక్టరు ఎంచడానికి ఆరు నెలలు తిరిగాం. ఆ ఆరు నెలల్లోనే మా నాయన చూపు చాలావరకు పోయింది. మా నాయన అంటే మీ అమ్మకు తాత. మీరు ఆయన్ను చూడలేదు. ఈ రెండూ వేర్వేరు సంగతులని మన ఇంట్లో అందరూ అనుకుంటారు. రెండూ ఒకటే సంగతి.

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. మా ఇంట్లో ముందు గది మొత్తం మగ్గానిదే, మిగిలిన జాగాలో మేము బతికేవాళ్లం. పొద్దున ఐదింటికి మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాడంటే, మా అమ్మ మూడుసార్లు పిలిస్తే తప్ప అన్నానికి లేచేవాడు కాదు. ఇంట్లో ఎప్పుడూ ఉడకబెట్టిన పట్టు వాసన, గుంటలో ఆరని మట్టి వాసన, ఆయన నోట్లో వక్కాకు వాసన. మగ్గం చప్పుడు ఆగితే నాకు మెలకువ వచ్చేది, ఆడుతుంటే నిద్రపట్టేది. చీర మగ్గం మీద నుంచి కోసిన రోజు నాయన దాన్ని గడప దగ్గరికి తెచ్చి, వెలుతురుకు పట్టి, ముక్కు గుడ్డకు ఆనేంత దగ్గరగా వంగి చూసేవాడు. ముందు అంచులు చూసేవాడు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా, చీమ పాకినంత నిదానంగా వేలు జరుపుకుంటూ పోయేవాడు. నేతలో తప్పు జరిగితే ముందు అంచులోనే బయటపడుతుందని ఆయన నమ్మకం. పక్క వీధుల మగ్గాలవాళ్లు కూడా షావుకారుకు ఇచ్చే ముందు తమ చీరలు తెచ్చి ఆయనకు చూపించుకుని పోయేవాళ్లు. పది మందికి కనిపించని తెగిన పోగు ఆయనకు కనిపించేది. ఆ కళ్లంటే మా వీధిలో పేరు. నాకు గర్వం. ఆ గర్వమే తర్వాత ఆయన కొంప ముంచింది.

అమావాస్య రోజు మగ్గం ఆడించరు. ఆ రోజు నాయన తలకు పోసుకుని, ఉతికిన పంచె కట్టుకుని, నన్ను మ్యాట్నీకి పిల్చుకుపోయేవాడు. మా అమ్మ వచ్చేది కాదు. ఈయప్ప సినిమాకు పోయేది కతకు కాదు, చీరలు సూసేదానికి అని ఎగతాళి చేసేది. అది నిజమే. తెర మీద హీరోయిన్ ఏడుస్తుంటే హాలంతా ముక్కు చీదుకునేది, మా నాయన మాత్రం నా చెవి దగ్గర వంగి, ఆ అంచు మన ఊరిది కాదు పాపా, జరీ ఎంత మందమో సూడు అనేవాడు. ఇంటికొచ్చాక కథ ఏమిటని అమ్మ అడిగితే నేనే చెప్పేదాన్ని. చీరలు ఎన్ని, ఎట్లాంటివి అని ఆయన చెప్పేవాడు. నా చిన్నతనంలో నేను సుఖపడిన రోజులు ఏవంటే, నెలకొకసారి వచ్చే ఆ మధ్యాహ్నాలే.

నన్ను పెనుకొండకు ఇచ్చారు. మీ తాత బస్సు కండక్టరు. నేను ఇంట్లోనే రవికలు కుట్టేదాన్ని. మీ అమ్మ లావణ్య ఐదో తరగతిలోకి వచ్చిన ఏడు మా అమ్మ పోయింది. ఆ తర్వాత నాయన నేసిన చీరలు ఒకటొకటిగా వెనక్కి రావడం మొదలైంది. అంచులో పోగులు తప్పుతున్నాయని షావుకారు తిప్పి పంపేవాడు. నాయన అంచులో తప్పు చేయడమేమిటని నేను ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. భార్య పోయిన మనిషి, మనసు పని మీద లేదు అనుకున్నాను. ఒకనాడు ఆయనే మగ్గం అమ్మేసి, ఒక ట్రంకు పెట్టె తీసుకుని మా ఇంటికి వచ్చేశాడు. నేను కాళ్లకు నీళ్లిచ్చాను. ఆయన నడుముకు చుట్టుకున్న గుడ్డలోంచి మగ్గం అమ్మిన డబ్బు తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది నీ దగ్గరే పెట్టుకో. దీంట్లో కొంచెం తీసి ఒకతూరి కండ్లు సూపిచ్చుకోవల్ల పాపా."

అట్లనే నాయనా, వచ్చే నెల పోదాం అన్నాను. కాళ్లు కడుక్కుంటూ, చెంబు కింద పెడుతూ, ఎవరికో చెప్పినట్టు చెప్పాడు ఆ మాట. అంత మామూలుగా చెప్పాడు కాబట్టి అంత మామూలుగానే విన్నాను.

పెనుకొండలో మాది బండల మిద్దె. ఎండాకాలం లోపల పెనం మాదిరి ఉండేది. నాయన పొద్దున్నే లేచి అరుగు మీద కూర్చునేవాడు, నేను మిషన్ తొక్కుతుంటే ఆ చప్పుడు వింటూ ఉండేవాడు. పొద్దున సంగటి, సాయంత్రం ఒక గ్లాసు టీ. ఎవరితోనూ ఎక్కువ మాట లేదు. ఒకసారి అమావాస్య నాడు నేనూ లావణ్యా ఆయన్ను సినిమాకు పిల్చుకుపోయాం. హాల్లో దీపాలు ఆర్పిన తర్వాత లోపలికి వెళ్లాం. మెట్ల దగ్గర ఆయన కాలు తప్పి పడిపోయాడు. మోకాలు చెక్కుకుపోయింది. ఎవరో టార్చి వేస్తే లేచి, ఏమీ కాలేదన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా సినిమాకు రాలేదు. మా అమ్మ లేకుండా సినిమా ఎందుకనుకుంటున్నాడని లావణ్యకు చెప్పాను. వాళ్లిద్దరూ కలిసి ఏనాడూ సినిమాకు పోలేదని నాకు బాగా తెలిసి కూడా అట్లా చెప్పాను. మనకు తోచిన కారణం ఒకటి దొరికితే దాన్ని వదలం.

ఆ రోజుల్లోనే హిందూపురంలో ఒక పెళ్లికి పోతే, మండపంలో తెల్లటి గుడ్డ కట్టి, ఒక చిన్న పెట్టెలోంచి లైటు వేసి, తాళి కట్టేది అందరికీ పెద్దగా చూపిస్తున్నారు. వెనక కూర్చున్నవాళ్లకు కూడా పూసలు లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపిస్తోంది. నాకు అప్పుడే తోచింది. ఆయన హాలుకు రాకపోతే హాలునే ఇంటికి తెద్దామని. మెట్లు ఉండవు, తోపులాట ఉండదు, అరుగు మీద నుంచి లేచి నాలుగడుగులు వేస్తే సినిమా. పెళ్లివాళ్లను అడిగితే బజారులో ఒక షాపు చెప్పారు. బెంగుళూరు ఆఫీసుల్లో వాడి తీసేసిన మిషన్లు తెచ్చి అమ్ముతారంట. కొత్తవి మనలాంటివాళ్లం కొనేవి కాదు. మీ తాతకు చెబితే, ఆ దుడ్లకు ఇంతకంటే పెద్ద టీవీ వస్తుంది కదే, గోడ మీద బొమ్మలెందుకు అన్నాడు. క్రికెట్ గోడంత కనిపిస్తుందంటే మాత్రం మెత్తబడ్డాడు.

షాపు ఆయన పేరు మంజునాథ్. ముప్ఫై ఏళ్లుంటాయి. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించే మనిషి. వెనక ఒక చీకటి గదిలో మూడు మిషన్లు చూపించాడు. మొదటిది చవక, బొమ్మ పెద్దదే కానీ మసక. రెండోది వెలుగు ఎక్కువ, ఫ్యాను మాత్రం పిండిమర మాదిరి మోత. మూడోది రెండిటికన్నా మంచిది, ధర కూడా అట్లాగే ఉంది. బల్బు ఇన్ని గంటలే పనిచేస్తుందనీ, అది పోతే కొత్త బల్బుకు మిషన్ ధరలో సగం అవుతుందనీ నిజాయితీగా చెప్పాడు. ఆ మాట ఎంతమంది షాపువాళ్లు చెబుతారు చెప్పండి. నేను నోటు పుస్తకంలో అన్నీ రాసుకున్నాను. ఏ మిషన్ ఎంత వేడెక్కుతుంది, ఎంత దూరం పెడితే ఎంత బొమ్మ వస్తుంది, మన గదిలో స్టూలు ఎక్కడ వేయాలి. మీరిప్పుడు ఫోన్‌లో నాలుగు వందల మంది అభిప్రాయాలు చదివి కొంటారంట కదా. మాకు ఉన్నది ఒకటే అభిప్రాయం. మా నాయన కళ్లు.

నాయన కుర్చీలో కూర్చోలేదు. నేరుగా గోడ దగ్గరికి పోయి, ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడి, బొమ్మ మీద వేలు జరుపుతూ చూశాడు. దగ్గరగా చూస్తే ఆ పాత మిషన్లలో బొమ్మంతా సన్నటి గళ్లుగా కనిపించేది. చీర డిజైను గళ్ల కాగితం మీద గీస్తారు, ఒక్కో గడి ఒక్కో పోగు. నాయన ఒక మిషన్ చూసి దీంట్లో గళ్లు పెద్దవి, ముతక నేత అన్నాడు. ఇంకోటి చూసి ఇది సన్నం, పోగులు దగ్గరగా పడినాయి అన్నాడు. మంజునాథ్ మొదట నవ్వాడు. తర్వాత కాగితాలు తీసి చూసుకుంటే, ఆయన సన్నమన్న దాంట్లోనే నిజంగా గళ్లు ఎక్కువ. బెంగుళూరు ఇంజనీర్లు కూడా ఇట్ల చూడరు అజ్జా అని, సొంత తాతను పిలిచినట్టు పిలిచి చేతులు జోడించాడు. నేను పొంగిపోయాను. నేతగాడు ముక్కు ఆనించి చూస్తే, చూపు సరిగా లేక అట్లా చూస్తున్నాడని ఎవరనుకుంటారు? ఆయన పుట్టినప్పటి నుంచి అట్లాగే చూస్తున్నాడు. దూరం నుంచి కూడా చూడు నాయనా అని కుర్చీలో కూర్చోబెడితే, తల ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పి, బాగుండాది అనేశాడు.

తిరుగు బస్సులో సోమందేపల్లి దాటాక నా భుజం తట్టాడు.

"పాపా, నడిమద్యన బాగనే ఉండాది. పక్కలంతా చీకటి వస్తాండాది. అంచుల్లో ఎవురో గుడ్డ కప్పినట్ల ఉండాది."

"యా మిషన్‌లో నాయనా?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"అన్నిట్లో."

ఇక్కడే ఆగి చదవండి పిల్లలూ. మామూలు మనిషి ఎవరైనా ఈ మాట వింటే ఏమనుకుంటారు? మూడు మిషన్లూ ఒకేచోట చెడిపోవు కదా అనుకుంటారు. నేనేమో మూడూ పనికిరాని సరుకే అనుకున్నాను. మాకు కనిపించని తప్పు ఆయనకు కనిపిస్తుందని చిన్నప్పటి నుంచి చూసినదాన్ని. అదీ అంచులో. మనకు నలుమూలలా బాగానే కనిపించిందంటే మన కళ్లది చేతకానితనం, ఆయన పట్టాడంటే తప్పు ఉన్నట్టే. నోటు పుస్తకం తీసి బస్సులోనే రాసుకున్నాను, అంచులు చీకటి అని.

మళ్లీ నెల దాటాక హిందూపురం పోయాం. అంచులు చీకటిగా ఉన్నాయని మంజునాథ్‌తో వాదించాను. ఆయన అద్దం తుడిచాడు, స్టూలు జరిపాడు, గోడకు కొత్త కాగితం అంటించాడు. నాయన చూసి, తల వంచుకుని, అట్లే ఉండాది అన్నాడు. ఇంకా ఎక్కువ వెలుగున్న మిషన్ బెంగుళూరు నుంచి తెప్పించమన్నాను. అది రావడానికి రెండు నెలలు పట్టింది. ఈ మధ్యలో ఒకరోజు నాయన అన్నం తింటూ, కండ్ల డాక్టరు సంగతి ఏమాయ పాపా అన్నాడు. ప్రొజెక్టరు పని అయిపోనీ నాయనా, ఒకేసారి చూసుకుందాం అన్నాను. ఆయన మజ్జిగ కోసం చెయ్యి చాస్తే, పక్కనే ఉన్న గ్లాసుకు తగిలి అది దొర్లిపోయింది. చూసుకోవద్దా అని విసుక్కుంటూ తుడిచాను.

మూడోసారి పోయినప్పుడు వచ్చిన మిషన్ నిజంగా గొప్పది. గది తలుపు తెరిచినా బొమ్మ కనిపిస్తోంది. మీ తాత కూడా ఆ రోజు సెలవు పెట్టి వచ్చి, ఇదే తీసుకుందాం అన్నాడు. నాయన గోడ దగ్గర నిలబడి వేలు జరుపుతున్నాడు. అంచులు ఎట్లున్నాయి నాయనా అని అడిగాను. ఆయన వేలు అంచు దగ్గర ఆగిపోయింది. నేను మంజునాథ్ వైపు తిరిగి, ఇంత డబ్బు అడుగుతూ ఇదేనా సరుకు అన్నాను. పాపం ఆయన నన్ను తలుపు అవతలికి పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు.

"బేజారు చేసుకోవద్దక్కా. మిషన్ది ఏం తప్పు లేదు. నేను సూస్తాండా, మీరు సూస్తాండారు, అంచులు బాగనే ఉండాయి. అజ్జకు ఒకసారి కండ్లు సూపించండి. రెండు వీధులు దాటితే డాక్టరు ఉండాడు."

"నలభై ఏండ్లు పట్టు నేసిన కండ్లప్పా అవి. పాత సామాన్లు అమ్ముకునే కండ్లు కాదు."

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదని మీకు తెలుసు. ఆ మాట కూడా మెల్లగానే అన్నాను. మెల్లగా అన్నందుకే ఇంకా గట్టిగా తగిలి ఉంటుంది, ఆయన ముఖం చిన్నబోయింది. లోపల నాయన గోడ వైపే తిరిగి ఉన్నాడు. విన్నాడో లేదో నాకు తెలియదనే ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను. కానీ గది చిన్నది, తలుపు తెరిచే ఉంది. కాసేపటికి ఆయన ఇటు తిరిగి, ఇది తీసుకుందాం పాపా, బాగుండాది అన్నాడు. అంచులు? అంటే, సరిపోయినాయి అన్నాడు. నా రవికల డబ్బూ, మగ్గం డబ్బూ అంతా ఆ మిషన్‌కే అయిపోయింది. డాక్టరు ఉన్న వీధి పక్క నుంచే మేము పెట్టె మోసుకుంటూ బస్టాండుకు నడిచాం.

గోడకు సున్నం కొట్టించేటప్పుడు అందరూ కాస్త నీలిమందు కలుపుతారు, తెల్లగా మెరుస్తుందని. నాయన వద్దన్నాడు, నీలం కలిస్తే చీరల రంగులు మారిపోతాయని. ఆయన మాట ప్రకారమే ఉత్త సున్నం కొట్టించాం. కిటికీలకు గోతాలు కట్టి, ఆదివారం మధ్యాహ్నాలు సినిమా వేసేవాళ్లం. చుట్టుపక్కల పిల్లలు, ఆడవాళ్లు పాతికమంది దాకా వచ్చేవాళ్లు. నేల మీద చాపలు, చెమట వాసన, వేయించిన వేరుశనగ బుడ్డల వాసన. నాయనకు మధ్యలో కుర్చీ వేశాను. మొదటి రోజు గోడ నిండా బొమ్మ పడగానే పిల్లలు కేకలు పెట్టారు. నాయన కాసేపు చూసి మెల్లగా, దీన్ని కొంచెం చిన్నది చేయొచ్చునా పాపా అన్నాడు. మీ తాత నవ్వేశాడు. రెండో ఆదివారం మళ్లీ అడిగాడు, సగానికి చేస్తే బాగుంటుందేమో అని. మూడో ఆదివారం కూడా అడిగేసరికి, నలుగురి ముందు నాకు సిగ్గనిపించింది.

"ఇంత దుడ్లు పోసి గోడంత బొమ్మ తెచ్చింది చిన్నది చేసుకునేదానికా నాయనా?"

ఆ తర్వాత ఆయన అడగలేదు. లావణ్యను పక్కన కూర్చోబెట్టుకుని, ఇప్పుడు మాట్లాడేది ఎవురే, యా పక్క నిలబడినాడు అని అడిగేవాడు. అది విసుక్కోకుండా చెప్పేది. నా కంటే అదే నయం.

వాన వెలిసిన ఒక పొద్దున, పట్టపగలు, మా వీధిలోనే, గోడకు ఆనించి ఉన్న సైకిలు మీదికి ఆయన నేరుగా నడిచిపోయాడు. హ్యాండిలు తగిలి కనుబొమ చీలింది. కుట్లు వేసిన కాంపౌండరు వేలు ఒకటి ఆయన చెవి పక్కగా ఊపి, కనిపిస్తోందా అన్నాడు. నాయన ఏది అన్నాడు. ఆ రోజే హిందూపురం డాక్టరు దగ్గరికి పోయాం. మంజునాథ్ చెప్పిన డాక్టరే. తెల్లటి గిన్నె లాంటి దాంట్లో ముఖం పెట్టించి, లోపల వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. బయట బల్ల మీద కూర్చుని నేను వింటున్నాను. చాలాసేపటికి ఒకసారి టక్కుమని చప్పుడు వచ్చేది. మళ్లీ నిశ్శబ్దం. తర్వాత డాక్టరు ఒక కాగితం చూపించాడు. అంతా నలుపు, నడుమ రూపాయి బిళ్ల అంత తెలుపు. నీటికాసులు అంటారు దీన్ని, నొప్పి ఉండదు, పక్క చూపు ముందు పోతుంది, ఇప్పుడు ఈయన ఒక బొక్కలోంచి చూస్తున్నాడు అన్నాడు. ఎదురుగా ఉన్నది ఎంత పెద్దదైతే అందులో అంత తక్కువ కనిపిస్తుంది. పోయిన చూపు తిరిగిరాదు. ఉన్నదాన్ని చుక్కల మందుతో నిలపడానికి చూడాలి. ఆరు నెలలు ముందు వచ్చి ఉంటే చాలా నిలిచేది. ఇన్నాళ్లూ ఏం చేశారు, ఆయన మీకు చెప్పలేదా అని అడిగాడు.

చెప్పలేదు సార్ అన్నాను నేను.

నాయన నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. కట్టు కట్టిన ముఖం నా వైపు తిప్పలేదు.

"అవును సార్. పాపకు నేను చెప్పలా. తప్పు నాదే."

డాక్టరు ఆయన్ను కోప్పడ్డాడు, చదువులేనితనం, మొండితనం అని. నేను వింటూ కూర్చున్నాను. ఆయన తల వంచుకుని అవును సార్, అవును సార్ అంటున్నాడు. ఇంటికి వచ్చాక మీ తాత అడిగితే అదే చెప్పాను. లావణ్యకు అదే చెప్పాను. ఇన్నేళ్ల తర్వాత మీ అమ్మ మీకు చెబుతున్న కథ కూడా అదే, మా తాత మొండివాడు, చూపు తగ్గినా ఎవరికీ చెప్పలేదు అని. ఆయన చెప్పాడు. కాళ్లు కడుక్కుంటూ చెప్పాడు, బస్సులో చెప్పాడు, అన్నం దగ్గర అడిగాడు, చిన్నది చేయమని మూడు ఆదివారాలు అడిగాడు. దారినపోయే షాపువాడు కూడా చెప్పాడు. ఇది రక్తంలో వచ్చే జబ్బని డాక్టరు అప్పుడే చెప్పాడు. నేను ఏటేటా చూపించుకుంటాను. మీ అమ్మ మాత్రం పోదు, మా తాతది ముసలితనం అంటుంది. నేను చెప్పిన అబద్ధం ఇప్పుడు దాని కళ్ల మీదికి వచ్చి కూర్చుంది, అందుకని ఈ వయసులో ఇవన్నీ రాయాల్సి వచ్చింది. ఇది చదివాక ముందు దాన్ని డాక్టరు దగ్గరికి పిల్చుకుపోండి. ప్రొజెక్టరు తర్వాత కొనుక్కోవచ్చు.

ఆ ఆదివారం మీ తాత మిషన్ పెట్టిన స్టూలు గోడ దగ్గరికి జరిపాడు. బొమ్మ చాటంత అయింది. పిల్లలు గొణిగారు, సగంమంది లేచిపోయారు. నాయన కుర్చీలో ముందుకు వంగి, కదలకుండా, రెండు గంటలు చూశాడు. సినిమా అయ్యాక మూడు చీరల పేర్లు చెప్పాడు. అట్లా ఒక ఏడాది గడిచింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నేను మందు చుక్కలు వేసేదాన్ని. ఆయన తల వెనక్కి వాల్చి, రెప్పలు తానే విప్పి పట్టుకునేవాడు. ఆ వేళ్లు అంచు మీద జరిపినప్పటి మాదిరే ఉండేవి. మా ఇద్దరి మధ్య ఆ మాట మళ్లీ రాలేదు. నేను తెచ్చి ఉంటే ఆయన క్షమించేవాడు, అందుకే తేలేదేమో.

ఒక ఆదివారం మీ తాత స్టూలు ముందుకు జరపబోతుంటే నాయన ఆపాడు. పెద్దదే వేయప్పా, పిల్లోళ్లు సూస్తారు కదా అన్నాడు. పిల్లలు సంబరంగా అరిచారు. నడుమ మిగిలిన ఆ రూపాయంత కూడా మూసుకుపోయిందని నాకు అప్పుడు తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. ఆయన కూడా చెప్పలేదు. ఆ రోజు గోడ నిండా నవ్వుల సినిమా. నేను వెనక, తలుపు పక్కన కూర్చున్నాను. గదంతా నవ్వేది. అందరి నవ్వూ అయిపోయాక, ఒక్క క్షణం ఆలస్యంగా, కుర్చీలోంచి మా నాయన నవ్వేవాడు.